గొడుగాయన రెండో వైపు

28 ఆగస్టు 2011, ఆదివారం

అండాలమ్మ నా గొడుగాయన్ని పాడు చేసింది.

ఇంత మాట రాయడానికి మనసొప్పడం లేదు గానీ, ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ రాసుకుంటాను? కడగడానికిచ్చిన రికార్డు పొద్దున తెచ్చుకున్నాను. కాఫీ తాగి, టీవీ కట్టెయ్యమని లలితకుమారిని బతిమాలి, రెండో వైపు పెట్టాను. సాక్సఫోన్ ఉంది. పియానో ఉంది. బేస్ అయితే ఎప్పటికంటే నిండుగా ఉంది. సింబల్ లేదు. పాట సగంలో అందరూ ఆగిపోతారు, డ్రమ్ములాయన ఒక్కడే ఆ ఇత్తడి పళ్ళెం మీద సన్నపుల్లతో నిమిషంన్నర వాయిస్తాడు. ఆ నిమిషంన్నర కోసమే కదా నేనా రికార్డు కొన్నది! ఇవాళ ఆ నిమిషంన్నరా గదిలో ఫ్యాను తిరిగిన చప్పుడు తప్ప ఏమీ లేదు.

మూడుసార్లు పెట్టాను. మూడుసార్లూ ఫ్యానే.

ఇరవై ఒక్క ఏళ్ళ కింద, రేడియో బాగు చేయించుకుందామని దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు వెనక సందులోకి వెళితే, జానయ్య తన దుకాణంలో ఈ రికార్డే పెట్టి కూర్చున్నాడు. రేడియో సంగతి మరిచిపోయి గంటసేపు నిలబడ్డాను. జాజ్ అంటారని కూడా తెలియదు నాకప్పుడు. నా దగ్గరున్న మూడువందల చిల్లర రికార్డులకీ అదే మొదలు. జానయ్య పోయి నాలుగేళ్ళయింది. దుకాణం ఇప్పుడు ఆయన భార్య అండాలమ్మ నడుపుతోంది. ఆమెకి ఇంగ్లీషు రాదు. అట్ట మీది బొమ్మని బట్టి పేర్లు పెడుతుంది. వానలో మూసిన గొడుగు పట్టుకుని నిలబడ్డవాడు గొడుగాయన. ఫంక్ అని, అడుగున బేస్ దంచే సంగీతం వాయించే ఆ ఎనిమిదిమంది పెద్దజుట్టోళ్ళు. పసుప్పచ్చది నిమ్మకాయ. ఆ పేర్లే నాకూ నోటికొచ్చేశాయి.

కుంకుడు నీళ్ళతో కడిగి, పాత నూలుచీర ముక్కతో తుడిచి, గిన్నెల స్టాండులో నిలబెట్టి ఆరబెడుతుంది. ఇన్నాళ్ళూ బాగానే కడిగింది. ఈసారి ఏం చేసిందో మరి.


30 ఆగస్టు

సూది మార్చాను. అదే తీరు. తప్పు సూదిది కాదు.


1 సెప్టెంబరు

వినాయక చవితి. పందిరి మైకు సరిగ్గా మా కిటికీ కింద. ఈ గోల అయ్యేదాకా రికార్డుల జోలికి వెళ్ళకూడదనుకున్నాను. ఇలాంటి మైకుల దగ్గర ఎవరి చెవులైనా చెడతాయి.


4 సెప్టెంబరు, ఆదివారం

ఆగలేక నిమ్మకాయ పెట్టాను. దాంట్లోనూ సింబల్ లేదు.

నిమ్మకాయని ఈ మధ్య కడగడానికి ఇవ్వలేదు. ఇచ్చానేమో. ఇచ్చే ఉంటాను.


8 సెప్టెంబరు

కాలింగ్ బెల్ చెడిపోయిందని మనిషిని పిలిపించాను. నొక్కి చూసి, "బాగానే ఉంది సార్" అని వెళ్ళిపోయాడు. ఇలాంటివాళ్ళని నమ్ముకుంటే అంతే సంగతులు. లలితకుమారి వంటింటి గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది.

"ఏవండీ, ఒకసారి చెవులు చూపించుకోకూడదూ?"

"నా చెవులకేం? నువ్వన్నది వినిపించబట్టేగా జవాబు చెబుతున్నాను!"

"నేను అరుస్తున్నానండీ," అంది. "మూడు నెలల నుంచీ అరుస్తూనే ఉన్నాను."

అరిచే మనిషి కాదు లలితకుమారి. వయసుతోపాటు ఈ మధ్య గొంతు పెద్దదయింది.


10 సెప్టెంబరు, శనివారం

కోచింగ్ సెంటర్లో క్లాసు కాగానే గొడుగాయన్ని పట్టుకుని చైతన్యపురి నుంచి తిన్నగా దుకాణానికి వెళ్ళాను. అండాలమ్మ కుర్చీలో కూర్చుని కుంకుళ్ళు కొడుతోంది. కూతురు మౌనిక డిగ్రీ పుస్తకం ముందేసుకుని నేల మీద కూర్చుంది. మెయిన్ రోడ్డు మీద ఊరేగింపేదో వెళుతోంది. డప్పులు గుండెల్లో మోగుతున్నాయి.

"ఏంది సార్, మొఖం గట్ల వెట్టిండ్రు?"

"అండాలమ్మగారూ, దీన్ని దేంతో కడిగారు?"

"కుంకుడు నీళ్ళతోని. జానయ్య ఉన్నప్పటి సంది గంతే కదా."

"సింబల్ పోయింది. తాళం. మొత్తం పోయింది."

ఆమె రికార్డు తీసి వెలుతురుకి అడ్డంగా పట్టి తిప్పి చూసింది. "గీత గూడ లేదు సార్. తాళం ఏడికి వోతది? జర వెట్టి సూద్దాం, కూసోండ్రి."

ఆ డప్పుల గోలలో ఏం వింటాం? నాకు ఒళ్ళు మండింది. "చెయ్యడం రాకపోతే రాదని చెప్పాలి. పాడు చేసేసి మాదేం తప్పులేదని దబాయించడం... మీవాళ్ళతో ఎప్పుడూ ఇదే చావు!" అన్నాను.

మౌనిక పుస్తకం లోంచి తలెత్తింది. అండాలమ్మ మాత్రం రికార్డుని మెల్లగా అట్టలో పెట్టింది.

"మావోళ్ళంటే ఎవరు సార్?" అంది.

కోపంగా అన్నా బాగుండేది. తెలియక అడిగినట్టు అడిగింది. రికార్డు బల్ల మీదే వదిలేసి వచ్చేశాను. ఎండ మండిపోతోంది. ఆటో వెంటనే దొరికింది.


11 సెప్టెంబరు

మీవాళ్ళు అని నేనన్నది రికార్డులు కడిగేవాళ్ళ గురించి.


12 సెప్టెంబరు

రికార్డులు కడిగేవాళ్ళు ఈ ఊళ్ళో ఆమె తప్ప ఇంకెవరూ లేరు.


13 సెప్టెంబరు, మంగళవారం

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. ఆఫీసులు, బళ్ళు, అన్నీ బంద్. మా కోచింగ్ సెంటరు షట్టరు సగం దించి క్లాసులు నడుపుతామన్నారు. బామ్మర్ది గుంటూరు నుంచి లలితకుమారికి ఫోను చేసి, పరిస్థితులు బాగాలేవుట, ఎప్పుడొచ్చేస్తున్నారని అడిగాడట. ఎక్కడికొచ్చేది? ఇరవై మూడేళ్ళుగా ఎల్బీనగర్‌లో ఉంటున్నాం. అల్మారాలో మూడువందల రికార్డులున్నాయి. వాటినేసుకుని ఎక్కడికి పోతాం?


17 సెప్టెంబరు

ఇవాళ క్లాసులో ధ్వని తరంగాలు. మనిషి చెవి ఇరవై నుంచి ఇరవై వేల హెర్ట్జ్‌ల దాకా వింటుందని బోర్డు మీద రాశాను. పాతికేళ్ళుగా రాస్తూనే ఉన్నాను.

ఒకటి మాత్రం చెప్పుకోవాలి. వెనక బెంచీ పిల్లలు ఈ ఏడు మహా బుద్ధిమంతులయ్యారు. ఒక్క గుసగుస లేదు. ఆ మాటే స్టాఫ్ రూములో అంటే, పక్క క్లాసు చెప్పే వెంకట్రావు నావైపు వింతగా చూశాడు. "మీ క్లాసు గోలకి నేను తలుపేసుకుంటున్నాను మాస్టారూ!" అన్నాడు. ఆయనకి మొదటి నుంచీ నేనంటే పడదు.


21 సెప్టెంబరు

బస్సులు కూడా ఆగిపోయాయి. క్లాసయ్యాక నడుచుకుంటూ దిల్‌సుఖ్‌నగర్ దాకా వెళ్ళాను. అటువైపు పనుంది. దుకాణం షట్టరు మూడొంతులు దించి ఉంది. లోపల దీపం వెలుగుతోంది. ఎదుటి వైపు నిలబడి అరటిపళ్ళు కొని వచ్చేశాను.

అరటిపళ్ళు ఎల్బీనగర్‌లోనూ దొరుకుతాయని లలితకుమారి అంది.


25 సెప్టెంబరు, ఆదివారం

ఈ మధ్య నా మనసు ఫంక్ మీదికి మళ్ళింది. పెద్దజుట్టోళ్ళని రోజుకి రెండుసార్లు పెడుతున్నాను. ఆ బేస్ గిటారు నేలలోంచి అరికాళ్ళకి ఎక్కుతుంది. జాజ్‌లో ఏముంది, అంతా నాజూకు వ్యవహారం. అభిరుచులు మారుతుంటాయి, అందులో తప్పేముంది?


4 అక్టోబరు

సద్దుల బతుకమ్మ. మా వీధిలో ఆడవాళ్ళంతా బతుకమ్మలు పెట్టి ఆడారు. లలితకుమారి కూడా చీర మార్చుకుని వెళ్ళి వాళ్ళతో తిరిగింది. నేను గేటు దగ్గర నిలబడి చూశాను. చప్పట్లు చక్కగా వినిపించాయి. అడుగులు వినిపించాయి. చెవులు పోయినవాడికి అవి వినిపిస్తాయా?

జానయ్య బతికున్నప్పుడు ఈ పండక్కి అండాలమ్మ నువ్వుల అన్నం, అదే నువ్వుల సద్ది, ఇంటికి పంపేది. ఆయన పోయాక కూడా పంపింది. ఈసారి రాలేదు. నేను దానికోసం చూశానని కాదు.


9 అక్టోబరు, ఆదివారం

రికార్డు నాది. దాన్ని అక్కడ వదిలేసి ఊరుకోవడం నాకే నష్టం. అందుకని వెళ్ళాను. అంతకంటే ఇంకేమీ లేదు.

నేను వెళ్ళేసరికి కరెంటు లేదు. బొగ్గు గనుల సమ్మె మొదలైన దగ్గర్నుంచీ ఇదే వరస. అండాలమ్మ నన్ను చూసి లేచి, స్టూలు దులిపి వేసింది.

"కూసోండ్రి సార్. మంచిగున్నరా? అమ్మగారు మంచిగున్నరా?"

రికార్డు కోసం వచ్చానన్నాను. సొరుగు తీసి అందించబోయి, మళ్ళీ ఆగింది.

"సార్, నా పానం ఒప్పుతలేదు. నేను ఖరాబు చేసిన్నని మీరంటిరి. గీడనే, మీ ముంగట్నే సూద్దాం."

"కరెంటు లేదు కదండీ."

"కరెంటెందుకు? జానయ్య నాకు నేర్పింది గిదే కదా."

రికార్డు ప్లేయరు మీద పెట్టి, సూది దించి, వేలితో రికార్డుని తిప్పడం మొదలెట్టింది. కరెంటు లేకపోయినా, స్పీకర్లు మోగకపోయినా, గాడిలో నడిచే సూది తనంతట తాను సన్నగా పాడుతుంది. చెవి దగ్గర పెడితే వినపడుతుంది. ఆ సూది పాట విని, ఎక్కడ గీత పడిందో, ఎక్కడ దుమ్ముందో చెప్పేస్తుంది అండాలమ్మ. జానయ్య కంటే బాగా చెబుతుందని జానయ్యే అనేవాడు.

"అగో, అందరు ఆగిండ్రు. తాళం ఒస్తున్నది. ఇన్నరా సార్?"

మౌనిక కూడా వంగి చెవి పెట్టింది. "మంచిగనే ఇనవడ్తున్నది కద అమ్మా," అని లోపలికి వెళ్ళిపోయింది. నేను తల బాగా వంచి, కళ్ళు మూసుకుని విన్నాను. తల ఊపుతూ విన్నాను.

"ఉంది, ఉంది. బాగానే ఉంది," అన్నాను.

అండాలమ్మ నావైపు కాసేపు చూసింది. తరవాత రికార్డు తీసి, చీర ముక్కతో తుడిచి, మళ్ళీ సొరుగులోనే పెట్టింది. "ఉండనీయుండ్రి సార్. కరెంటొచ్చిన నాడు నిమ్మలంగ ఇందాం," అంది. కొత్తిమీర వేసిన మజ్జిగ ఇచ్చింది.

విన్నాను. సింబల్ బాగానే ఉంది. రికార్డుకేమీ కాలేదు. మనసు కుదుటపడింది.


10 అక్టోబరు

వినలేదు.

ఏమీ వినపడలేదు. ఆమె వేలు తిరగడం చూశాను. మౌనిక ముఖం చూశాను. ఆ పిల్ల పెదవులు తాళానికి కదలడం చూశాను. అందరికీ వినపడుతున్నది నాకొక్కడికే వినపడలేదు. రవ్వంత కూడా. అసలు లేదు. అబద్ధమాడాను. ఇంటికొచ్చి, ఎవరూ చదవని ఈ డైరీలో కూడా అబద్ధం రాసుకున్నాను. ఇంత సిగ్గుమాలిన పని నేనెప్పుడూ చెయ్యలేదు.

నిమ్మకాయని కడగడానికి ఇవ్వనేలేదు. నాకు తెలుసు. రాస్తున్నప్పుడే తెలుసు.


13 అక్టోబరు

చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళాను, లలితకుమారి వెంట వచ్చింది. గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, వినపడగానే మీట నొక్కమన్నారు. మొదట్లో చకచకా నొక్కాను. తరవాత చాలాసేపు ఊరికే కూర్చున్నాను. పరీక్ష అయిపోయిందేమో, చెప్పడం మరిచిపోయారేమో అనుకున్నాను. అద్దంలోంచి చూస్తే పరీక్ష చేసే అమ్మాయి ఒకదాని తరవాత ఒకటి నొక్కుతూనే ఉంది.

కాగితం మీద నా వినికిడి గీత రెండు వేల హెర్ట్జ్‌ల దాకా చక్కగా నడిచి, అక్కడి నుంచి మెట్లు దిగినట్టు కిందికి దిగిపోయింది. పోయినవి తిరిగి రావని డాక్టరుగారు చెప్పారు. చెవి మిషను పెట్టుకుంటే మాటలు స్పష్టంగా తెలుస్తాయిట. "మరి సంగీతం?" అన్నాను. "మీరు పాడతారా?" అని అడిగాడాయన. "లేదండీ, వింటాను," అంటే, ఏదో రాసుకున్నాడు.

వస్తూ ఆటోలో లలితకుమారి నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. "మొదట్లో నామీద కోపంతో పలకడం లేదనుకున్నానండీ," అంది. గొంతు తగ్గించి అంది. ఆమె ముఖం చూస్తూ ఉన్నాను కాబట్టి తెలిసింది. పాపం, ఎన్నాళ్ళు అలా అనుకుంటూ తిరిగిందో.


14 అక్టోబరు

అండాలమ్మ ఏ తప్పూ చెయ్యలేదు.


16 అక్టోబరు, ఆదివారం

రికార్డులన్నీ అట్టపెట్టెల్లో సర్దాను. ఏడు పెట్టెలయ్యాయి. వినలేనివాడి దగ్గర ఇవెందుకు, ధూళి పట్టడానికా? దుకాణంలో ఇచ్చేస్తాను. నిజంగా వినేవాళ్ళెవరికైనా చేరతాయి. ఆమె ఊరికే పుచ్చుకోదు, ఏదో ఒకటి చెప్పి ఒప్పించాలి. క్షమాపణ కూడా చెప్పాలి. ముందు ఏది చెప్పాలో తేలడం లేదు.


19 అక్టోబరు

ఇంట్లో ఇంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు. నా చెవుల సంగతి కాదు నేనంటున్నది.


23 అక్టోబరు, ఆదివారం

పెట్టెలు ఏడూ మళ్ళీ ఇంటికే వచ్చాయి. లలితకుమారి ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా అల్మారా తుడిచి పెట్టింది.

మధ్యాహ్నం ట్రాలీ ఆటోలో వేసుకుని వెళ్ళాను. కరెంటు ఉంది. పెట్టెలు దించుతుంటే అండాలమ్మ గాభరా పడి బయటికొచ్చింది.

"ఏంది సార్ ఇది? ఊరిడిసి పోతున్నరా?"

ఆ మాట అడుగుతున్నప్పుడు ఆమె ముఖం ఎలా అయిపోయిందో నేను చూశాను. ఇది కచ్చితంగా రాసుకోవాలి. సమ్మె మొదలైన దగ్గర్నుంచీ నన్ను పోతావా అని చాలామంది అడిగారు. పోతానేమోనని భయపడి అడిగింది ఈమె ఒక్కతే.

"లేదండీ. ఎక్కడికీ పోను. ఇవి నాకిక అక్కర్లేదు, అంతే. మీరు ఉంచుకోండి. బాగా వినేవాళ్ళెవరికైనా ఇవ్వండి."

ఆమె ఒక పెట్టె తెరిచి చూసింది. "పెద్దజుట్టోళ్ళను గూడ తెచ్చిండ్రా?"

"ఆ."

"ఇది మీకు ఇనవడ్తది కద సార్. అడుగున గుమ్‌గుమ్ అనేది. మరి ఇదెందుకు తెచ్చిండ్రు?"

స్టూలు మీద కూర్చున్నాను. "మీకెలా తెలుసు?" అన్నాను.

అండాలమ్మ నా ఎదురుగా, ముఖం కనపడేలా కూర్చుంది. నిదానంగా, ఒక్కో మాటా విడివిడిగా చెప్పింది. "మొన్న కరెంటు లేని నాడు సూది వెట్టి తిప్పిన కద. మీ మొఖంల ఏం మార్పు లేదు. మా పిల్ల లోపటికి వోయినంక, మీరు కండ్లు మూసుకున్నరు సూడుండ్రి, గప్పుడు సూది మీదికెత్తిన సార్. ఉత్త రికార్డే తిప్పిన. మీరు తల ఊపవట్టిరి. బాగానే ఉంది అంటిరి."

తల వంచుకున్నాను.

"ఎవ్వరికి చెప్పలే. మా పిల్లకు గూడ చెప్పలే. మీరే చెప్తరని ఆగిన," అంది.

కళ్ళలో నీళ్ళొచ్చేశాయి. యాభై నాలుగేళ్ళవాణ్ణి, దుకాణంలో కూర్చుని కండువాతో ముఖం తుడుచుకున్నాను. ఆమె లేచి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చిపెట్టింది.

"అండాలమ్మగారూ. ఆ రోజు మీవాళ్ళు అన్నాను."

"అన్నరు."

"మీరు అడిగినదానికి జవాబు చెప్పలేదు."

"చెప్పలే."

"తప్పయింది."

"తప్పే సార్. మస్తు బాదైంది. ఇరవై ఏండ్ల సంది మా ఇంటికొచ్చే మనిషి, మావోళ్ళల్ల మీరు లేరా అనుకున్న." అంటూనే సొరుగు తీసింది. గొడుగాయన్ని బయటికి తీసింది. "చెయ్యి బల్ల మీద వెట్టుండ్రి."

"ఎందుకు?"

"వెట్టుండ్రి సార్, చెప్త. నాకు గీ పాటల పైపైదే ఎర్క. సూదితోని ఇన్నదే. అడుగునుండేది మీకే ఎర్క. మీది మీరు ఇనుండ్రి. తాళం ఏడ వడ్తదో గాడ నేను కొడ్త."

బల్ల పాత టేకుది, జానయ్య చేయించింది. ఈ చివర నేను అరచెయ్యి ఆనించాను. ఆ చివర ఆమె చూపుడువేలు పెట్టుకుంది. రెండో వైపు. సూది దించింది. సాక్సఫోన్ వచ్చింది, పియానో వచ్చింది, బేస్ వచ్చింది. వాటితోపాటు నా చేతి కిందికి, టేకు చెక్కలోంచి, ఆమె వేలు వచ్చింది. టక్, టక టక్. ముందు వేరువేరుగా ఉన్నాయి. కాసేపటికి ఒకటయ్యాయి. అందరూ ఆగిపోయారు. ఆ నిమిషంన్నర వచ్చింది. గదిలో నాకు ఫ్యాను చప్పుడే, కానీ చేతి కింద డ్రమ్ములాయన నడుస్తున్నాడు. ఎక్కడ నొక్కి కొడతాడో, ఎక్కడ పుల్ల తేలిపోతుందో, ఎక్కడ ఊరికే ఒక దెబ్బ వదిలేస్తాడో, ఆమెకి అణువణువూ తెలుసు. ఒక్కటీ తప్పలేదు. లోపలి గుమ్మంలో మౌనిక నిలబడి చూస్తోంది.

మళ్ళీ అందరూ కలిశారు. పాట ముగిసింది. సాక్సఫోన్ ఆగిపోయింది. అయిపోయిందని చెయ్యి తియ్యబోయాను.

"ఆగుండ్రి సార్," అంది అండాలమ్మ. "ఇంకొకటున్నది."

రికార్డు తిరుగుతోంది. నాకేమీ లేదు. ఆమె వేలు పైకెత్తి పట్టుకుని, తల కాస్త పక్కకి వంచి ఎదురుచూస్తోంది. ఎంతసేపో అనిపించింది. అప్పుడు ఒక్కసారి, చాలా మెల్లగా, బల్ల మీద వేలు ఆనించింది.

ఇరవై ఒక్క ఏళ్ళుగా ఆ రికార్డు నా దగ్గరుంది. సాక్సఫోన్ ఆగగానే అయిపోయిందని ప్రతిసారీ సూది ఎత్తేసేవాణ్ణి. చెవులు బాగున్న రోజుల్లో కూడా ఆ చివరి దెబ్బ నేనెప్పుడూ వినలేదు.